ట్రైపాడ్ వదిలేసి మాగాయ తీసుకెళ్ళాం

"అరోరా, అదే ఉత్తరాన రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, చూడటానికి అలాస్కాలో బెటిల్స్ అనే చిన్న ఊరి దాకా వెళ్ళాలా? ఫెయిర్‌బ్యాంక్స్ నగరంలో ఉంటే సరిపోదా? బెటిల్స్‌లోని ఆ పాత లాడ్జికి అంత డబ్బు దండగ కాదా?" అని ఒకరు అడిగారు.

అరోరా ఒక్కటే కావాలంటే ఫెయిర్‌బ్యాంక్స్ చాలు, శుభ్రంగా కనిపిస్తుంది. బెటిల్స్‌కి వెళ్ళాల్సింది ఇరుక్కుపోవడానికి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను.

నేనూ మా ఆవిడా ఒక మార్చిలో మూడు రాత్రులకని వెళ్ళాం. ఆ ఊరికి చిన్న విమానమే దిక్కు. చలికాలంలో నేల గడ్డకట్టాక కొన్నాళ్ళు దారి తెరుస్తారు, అంతే. విమానం ఎక్కే ముందు సామానుతో పాటు మనుషుల్నీ తూచారు. నా బరువెంతో తోటి ప్రయాణికులందరికీ తెలిసిపోయింది. పైగా సామాను ఎక్కువైంది, ఏదో ఒకటి తీసెయ్యమన్నారు. ట్రైపాడా, మాగాయ ఉన్న తిండి సంచా? ఆ చర్చలో ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

ఊరు ఆర్కిటిక్ వలయానికి కాస్త పైన, కొయుకుక్ నది దగ్గర ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో 23 మంది. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర పొద్దున అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. 1940ల్లో అమెరికా నేవీ ఉత్తరాన చమురు వెతుకుతున్నప్పుడు ఇక్కడ రన్‌వే వేశారు. బంగారం వేటలో పుట్టిన పాత బెటిల్స్ నది దిగువన ఉండేది. జనం దాన్ని వదిలి రన్‌వే పక్కకి చేరారు. లాడ్జి వెలిసింది కూడా ఆ రన్‌వే పుణ్యమే. ఇప్పుడది చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది. చారిత్రకం అనగానే మనవాళ్ళు మహల్ ఊహించుకుంటారు. కాదు, సత్రం. వాతావరణం తెరిపిచ్చేదాకా తలదాచుకునే చోటు. కరెంటు డీజిల్‌తో పుట్టే ఊరికొచ్చి, హోటల్లో లాగా అది లేదు ఇది లేదు అని సణిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నాలుగో రోజు పొద్దున మంచు మొదలైంది. విమానం రాదన్నారు. నాకు సోమవారం ఆఫీసులో మీటింగ్, ఒకటే టెన్షన్. అరగంటకోసారి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళొస్తున్నాను. భోజనాల గదిలో పేకాట ఆడుతున్న ఒక ముసలాయన, రిటైరైన పైలట్, "చూస్తే రాదు, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. పాత రోజుల్లో రాత్రి దిగగానే ఇంజన్ లోంచి ఆయిల్ వేడిగా ఉండగానే తీసేసి, డబ్బాతో లోపలికి తెచ్చి పొయ్యి దగ్గర పెట్టుకునేవాళ్ళట. పొద్దున మళ్ళీ కాచి పోస్తేనే ఇంజన్ కదిలేదట. దగ్గర్లోని ప్రాస్పెక్ట్ క్రీక్‌లో 1971 జనవరిలో మైనస్ 62 డిగ్రీలు నమోదైందనీ, అమెరికాలో అంతకు మించిన చలి రికార్డు లేదనీ సొంత ఆస్తి గురించి చెప్పినంత గర్వంగా చెప్పాడు. మా మాగాయ రొట్టెకి రాసుకుని తిన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ సీసా అందుకున్నాడు.

ఆ రాత్రి మబ్బు విడిపోయింది. ఎవరో తలుపు తీసి "వచ్చింది" అని కేకేశారు. పేక ముక్కలు బోర్లా పెట్టి అందరం బయటికి పరిగెత్తాం. ఆకుపచ్చ, అంచుల్లో గులాబీ, నెత్తి మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా. ట్రైపాడ్ లేదు కదా, ఫోటోలన్నీ అలికేసినట్టు వచ్చాయి. మూడో ఫోటోకే ఫోన్ చలికి చచ్చిపోయింది. లోపలికి వచ్చేసరికి ముసలాయన అప్పటికే తన కుర్చీలో ఉన్నాడు, ఆట నాదంటున్నాడు.

కాబట్టి వెళ్ళండి. తిరుగు ప్రయాణం తర్వాత రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకోండి. ట్రైపాడ్ సంగతి మీ ఇష్టం.