మళ్ళీ నలుగురిలోకి రావాలనుకుంటున్న మేనకోడలికి

తెనాలి,
2022 నవంబరు 5

చిరంజీవి అమ్మాయికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

నీ మెసేజి రెండుసార్లు చదివాను. తిరుమల గరుడ సేవ రోజు టీవీలో మాడవీధుల నిండా జనాన్ని చూసి గుండెదడ వచ్చి కట్టేశానన్నావు. 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా గుడిలోపలే జరిగాయి కదా, ఈసారి ఊళ్ళకి ఊళ్ళే కదిలాయి. టీవీలో చూస్తేనే ఇలా ఉంటే, డిసెంబరులో బాబాయి కూతురి పెళ్ళికి ఎలా రావాలత్తా అని అడిగావు. రానని అనలేదు, ఎలా రావాలని అడిగావు. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. నీ లోపల భయంతోపాటు కోపం కూడా ఉంది. మీ నాన్న పోయింది 2021 మే నెలలో. ఐదో తారీకు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. దహనం దగ్గర నువ్వూ, నేనూ, కిట్లు వేసుకున్న మునిసిపాలిటీ మనుషులూ. పదోరోజుకి పలకరించడానికి కూడా మీ గడప తొక్కినవాళ్ళు లేరు. అలాంటి నీ దగ్గరికి ఇవాళ అదే చుట్టాలు శుభలేఖ పట్టుకొచ్చి "మీరు తప్పకుండా రావాలి" అంటే ఒళ్ళు మండదా? నాకూ మండింది. జనంలో ఊపిరాడట్లేదని నువ్వంటున్న దాంట్లో సగం ఈ మంటే అనిపిస్తోంది నాకు. ఇది టీకాతో తగ్గేది కాదు.

కాబట్టి పెళ్ళికంటే ముందు ఒకసారి బాబాయి ఇంటికి వెళ్ళు. పెళ్ళిపనుల హడావిడి మొదలుకాకముందే, మామూలు రోజున, మీ అమ్మని, అదే మా వదినని, వెంటబెట్టుకుని వెళ్ళు. కాసేపు కూర్చున్నాక నాన్న మాట నువ్వే ఎత్తు. వాళ్ళు ఎత్తరు, మొహం చెల్లక. "ఆరోజు మీరొస్తారని ఎదురుచూశాను బాబాయ్" అను, చాలు. వాడు రాకపోవడం తప్పు. నా తమ్ముడైనా తప్పే అంటాను. ఆక్సిజన్ బెడ్డు దొరక్క జనం పడ్డ పాట్లు చూసి ఆ నెలలో ఎంతటివాళ్ళకైనా కాళ్ళు వణికాయి, వాడికీ వణికాయి. నువ్వు క్షమించాలని నేను చెప్పట్లేదు. ఆ మాట అనకుండా పెళ్ళికి వస్తే మాత్రం, ఎవరో నవ్వుతూ "ఏంటే, ఇలా చిక్కిపోయావ్" అనగానే నట్టనడి హాల్లో నీకు ఏడుపు తన్నుకొస్తుంది.

నువ్వు వెళ్ళాల్సిన ఇళ్ళు కూడా ఉన్నాయి. నీతో చదువుకున్న అమ్మాయి వాళ్ళమ్మ ఆ నెలలోనే పోయిందన్నావు, అప్పుడు వెళ్ళలేకపోయావు. ఏడాదిన్నర అయిపోయింది, ఇప్పుడేం మొహం పెట్టుకుని వెళ్తామనుకోకు. ఆలస్యంగా వచ్చారని పరామర్శకి ఎవరూ తలుపు వెయ్యరు. మంగళవారం, శుక్రవారం కాకుండా చూసుకుని వెళ్ళు. ఇద్దరు ముగ్గురుండే ఇల్లు, కిటికీ పక్కన కూర్చుంటావు, గంటలో లేస్తావు. నీకున్న భయానికి ఇంతకంటే మంచి మొదలు లేదు.

ఇక దడ సంగతి. నర్సుగా చేసినదాన్ని కాబట్టి నిష్కర్షగా చెప్తున్నాను. హ్యాండ్‌బ్యాగులో ఇంకా ఆక్సిజన్ చూసుకునే ఆక్సీమీటరు పెట్టుకుని తిరుగుతున్నావట, వదిన చెప్పింది. దడ వచ్చినప్పుడల్లా వేలికి తగిలించుకుంటావు, 98 కనిపిస్తుంది, ప్రాణం కుదుటపడుతుంది. అప్పటికి బాగానే ఉంటుంది గానీ, రేపు అది లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్ళలేవు. ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకుని, గుండె, థైరాయిడ్, రక్తం అన్నీ సరిగ్గా ఉన్నాయనిపించుకో. ఆ తర్వాత దాన్ని బీరువాలో పెట్టెయ్.

దడ మొదలవగానే ఇంటికి పరిగెత్తకు. ఎక్కువమంది చేసేది అదే. అది తారస్థాయిలో ఉన్నప్పుడు పారిపోతే, పారిపోవడం వల్లే బతికామని ఒంటికి అలవాటవుతుంది. మరుసటిసారి ఇంకా ముందే మొదలవుతుంది. పక్కకి జరిగి, గోడకి ఆనుకుని, మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు మాత్రం నెమ్మదిగా వదులు. చేతులు చల్లబడతాయి, తల తిరిగినట్టుంటుంది, అయినా కాసేపటికి దానంతటదే దిగుతుంది. దిగడం నీ కళ్ళతో చూశాకే అక్కణ్ణుంచి కదులు. కట్టు విప్పిన కాలుని మొదటిరోజే మెట్లెక్కించం కదా, ఇదీ అంతే. పొద్దున్నే ఆరింటికి పటమట రైతుబజారుకి వెళ్ళి కూరలు కొనుక్కురా. కొన్నాళ్ళకి అదే బజారుకి ఎనిమిదింటికి వెళ్ళు. కిక్కిరిసే బీసెంట్ రోడ్డు ఇప్పుడే వద్దు. తిరుమల గురించి అసలు ఆలోచించకు, స్వామి ఎక్కడికీ పోడు.

నిద్ర పట్టకపోయినా, పని సాగకపోయినా, వారాలు గడిచినా ఈ దడ తగ్గకపోయినా 14416కి ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్లో సలహా చెప్పడానికి టెలిమానస్ అని ప్రభుత్వం పోయిన నెలలోనే మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బీపీకి మందు వేసుకోవడానికి సిగ్గుపడం, దీనికెందుకు పడాలి?

పెళ్ళికి రావడానికి నేను అనుకున్నది ఇదీ. పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్నే ఇంటికి రా. దగ్గరివాళ్ళమే ఉంటాం, పెరట్లో గాలి ఆడుతుంది, నలుగు పెట్టి వెళ్ళిపో. రిసెప్షన్ మానెయ్. స్టేజీ ఎక్కడానికి వరసలో నిలబడి, ఏసీ హాల్లో ఒకరి మీద ఒకరు పడడం నాకే నచ్చదు. ముహూర్తానికి జీలకర్ర బెల్లం వేళకి వచ్చి, తలంబ్రాలయ్యాక బయల్దేరు. మండపం ఆరుబయటే వేస్తున్నారు, తలుపులు మూసేది భోజనాల హాల్లోనే. మొదటి పంక్తిలో, తలుపు పక్కన కూర్చో, లేదంటే నీకూ వదినకీ క్యారేజీ నేను కట్టించి ఇస్తాను. బండి మీదే రా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు. జనంలో ఎన్95 తియ్యకు. "ఇంకా మాస్కేంటమ్మా" అని ఎవరైనా అంటే "అమ్మకి షుగరండి" అను. నిజమే కదా. రెండో డోసు వేసుకుని ఆరు నెలలు దాటింది కాబట్టి నువ్వూ వదినా ఈ వారంలోనే బూస్టర్ వేయించుకోండి.

పదమూడో తారీకు, ఆదివారం, కొల్లిపర వైపు తోటలో మన వాళ్ళ వనభోజనాలు. అంతా ఆరుబయటే, ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు. చుట్టాలందరినీ ఒకేసారి చూడాలంటే ఇంతకంటే వీలైన చోటు నీకు దొరకదు. పదింటికల్లా వచ్చెయ్. అందరూ వచ్చాక అడుగుపెడితే అన్ని కళ్ళూ నీ మీదే ఉంటాయి, ముందే వచ్చి కూర్చుంటే ఒక్కొక్కళ్ళే వచ్చి పలకరిస్తారు. ఊరికే కూర్చోవద్దు, వంకాయలు తరిగే పని నీకు పెడతాను. పులిహోర నేను కలుపుతాను, పెరుగు మీ ఇంటి నుంచి తీసుకురమ్మన్నానని వదినకి చెప్పు. వస్తున్నదీ లేనిదీ శుక్రవారం లోపు ఫోన్ చెయ్యి, విస్తళ్ళు లెక్క చెప్పాలి.

ఇట్లు,
మీ అత్త