మాస్టర్ మళ్లీ ఎలా బతికాడు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షిక మొత్తం ఒక్క విలన్‌కే ఇచ్చేస్తున్నాం, ఎందుకంటే 'డాక్టర్ హూ' మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం మాస్టర్ గురించే. సీరియల్ చూడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైంది, గాలిఫ్రే అనే గ్రహం నుంచి వచ్చిన డాక్టర్ టార్డిస్ అనే యంత్రంలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉంటాడు, చావు దగ్గరికొచ్చినప్పుడల్లా కొత్త రూపంలోకి మారిపోతాడు, అందుకే ఇన్నేళ్లు నటులు మారుతూ నడిచింది. మాస్టర్ కూడా అదే గ్రహం వాడే, చిన్నప్పటి స్నేహితుడు, తర్వాత పక్కా శత్రువు. ఒక విషయం ముందే చెప్పేస్తున్నా, నవలల్లో ఆడియో నాటకాల్లో ఏముందో నేను లెక్కలోకి తీసుకోను, తెర మీద కనిపించింది వినిపించింది మాత్రమే సాక్ష్యం.

ప్రశ్న: సార్, 1973లో చూస్తే మాస్టర్ దర్జాగా గడ్డం సవరించుకుంటూ ఉన్నాడు. 1976 కథకి వచ్చేసరికి కుళ్లిపోయిన శవంలా ఉన్నాడు, పన్నెండు మార్పులూ అయిపోయాయి అంటారు. మూడేళ్లలో ఏం జరిగింది? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

అసలు ప్రశ్న ఇదేనండి, మిగతా చిక్కులన్నీ దీని వెనకాలే వచ్చాయని నా నమ్మకం.

మాస్టర్‌ని తయారుచేసింది నిర్మాత బ్యారీ లెట్స్, స్క్రిప్ట్ ఎడిటర్ టెరన్స్ డిక్స్. షెర్లాక్ హోమ్స్‌కి మోరియార్టీ ఉన్నట్టు మన డాక్టర్‌కి కూడా ఒకడుండాలి అనుకుని రోజర్ డెల్గాడోని తీసుకున్నారు. 1971 జనవరిలో 'టెరర్ ఆఫ్ ది ఆటాన్స్'తో వచ్చాడు, ఆ సీజన్‌లో ఐదు కథలుంటే ఐదింట్లోనూ ఆయనే విలన్. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక సైంటిస్టు లంచ్ బాక్స్ తెరుచుకుని మళ్లీ ఉడకబెట్టిన గుడ్లేనా అని విసుక్కుంటాడు, కాసేపటికి అదే డబ్బాలో ఆ మనిషే బొమ్మంత సైజుకి కుదించుకుపోయి చచ్చి పడుంటాడు. అది చూశాక ఈ విలన్ ఎలాంటివాడో ఇంకెవరూ వివరించి చెప్పక్కర్లేదు. డెల్గాడో అరవడు, మర్యాదగా మాట్లాడతాడు, అదే భయం.

1973 జూన్‌లో డెల్గాడో షూటింగ్ కోసం టర్కీ వెళ్లి అక్కడ కారు ప్రమాదంలో చనిపోయారు, వయసు 55. డాక్టర్‌గా చేస్తున్న జాన్ పెర్ట్వీకి ఆయన మంచి స్నేహితుడు, తను 1974లో సీరియల్ వదిలెయ్యడానికి ఈ చావు కూడా ఒక కారణమని పెర్ట్వీ తర్వాత చెప్పుకున్నారు. మాస్టర్‌కి ఒక ఘనమైన ముగింపు కథ రాయాలనే ఆలోచన అప్పటికే ఉంది, అది జరగలేదు. దాంతో తెర మీద డెల్గాడో చివరిసారి కనిపించింది 'ఫ్రాంటియర్ ఇన్ స్పేస్' ఆఖర్లో, ఓగ్రాన్లనే కోతిలాంటి జీవుల గుంపు తొక్కిసలాటలో ఎటు పోయాడో కూడా సరిగ్గా తెలియకుండా మాయమవుతాడు. అంత గొప్ప పాత్రకి దక్కిన వీడ్కోలు అదీ, ఇప్పుడు చూసినా మనసు కలుక్కుమంటుంది.

1976లో రాబర్ట్ హోమ్స్ 'ది డెడ్లీ అసాసిన్' రాసినప్పుడు డెల్గాడోలాంటి ఇంకో ముఖం వెతకలేదు, ముఖమే లేకుండా చేశారు, పీటర్ ప్రాట్ ముసుగు వేసుకుని చేశారు. టైమ్ లార్డ్‌కి (గాలిఫ్రే జాతివాళ్లని అలా అంటారు) పన్నెండు మార్పులే, అంటే పదమూడు జన్మలే అన్న రూలు కూడా ఆ కథలోనే పుట్టింది, మాస్టర్ ఇంత తెగించడానికి ఒక బలమైన కారణం కావాలి కాబట్టి. ఈ కుళ్లిన శరీరం డెల్గాడోదేనా, మధ్యలో ఇంకెన్ని ముఖాలు గడిచాయి, తెర మీద ఎక్కడా చెప్పలేదు. నవల ఒకటి ఒక కారణం చెప్తుంది, ఆడియో ఇంకో కారణం చెప్తుంది, రెండూ ఒకదానికొకటి పొసగవు. నా మటుకు నాకు అది డెల్గాడో శరీరమే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ కథలో డాక్టర్‌కీ అతనికీ మధ్య ఉన్న పగ నిన్నా మొన్నటి పగలా ఉంటుంది. ఇంకో సంగతేంటంటే విలన్ కోసం పెట్టిన ఆ రూలు చివరికి హీరో మెడకే చుట్టుకుంది, 2013 క్రిస్మస్ ఎపిసోడ్‌లో డాక్టర్‌కి జన్మలు అయిపోయి టైమ్ లార్డ్స్ కొత్తవి ఇస్తేగానీ బతకలేదు.

ప్రశ్న: 'టైమ్-ఫ్లైట్'లో మాస్టర్ ఖాలిద్ అనే మాంత్రికుడి వేషంలో ఉంటాడు. డాక్టర్ రాకముందు నుంచీ ఆ వేషంలోనే ఉన్నాడు కదా, ఎవర్ని మోసం చెయ్యడానికి?

కథ లోపల కారణం లేదు. ఆ వేషం మనకోసం, అంటే టీవీ ముందు కూర్చున్నవాళ్ల కోసం. ఖాలిద్ పాత్రధారి పేరు లియాన్ నై తాయ్ అని వేశారు, ఆ ఇంగ్లిష్ అక్షరాలు అటూ ఇటూ మారిస్తే టోనీ ఐన్లీ అవుతుంది, మాస్టర్ వేసిన నటుడు ఆయనే. మరుసటి ఏడాది 'ది కింగ్స్ డీమన్స్'లోనూ ఇదే పని చేశారు. ఎపిసోడ్ చివర్లో ముసుగు తీసినప్పుడు జనం ఉలిక్కిపడాలని చేసిన ఏర్పాటు ఇది, లాజిక్ వెతికితే దొరకదు.

ప్రశ్న: 1981లో ఆంథనీ ఐన్లీగా మారడం పదమూడో మార్పా? మరి లిమిట్ దాటినట్టే కదా? (వరంగల్, బీటెక్ విద్యార్థిని)

కాదమ్మా, అది మార్పే కాదు, పరకాయ ప్రవేశం. 'ది కీపర్ ఆఫ్ ట్రాకెన్' చివర్లో కుళ్లిన మాస్టర్, ఆ కథలో జెఫ్రీ బీవర్స్ వేశారు, ట్రెమాస్ అనే పెద్దమనిషి శరీరాన్ని లాగేసుకుంటాడు. తన సొంత జన్మలు పెరగలేదు, ఇంకొకరి ఒళ్లు దొంగిలించాడంతే, కాబట్టి లెక్క తప్పలేదు. 1983లో 'ది ఫైవ్ డాక్టర్స్'లో టైమ్ లార్డ్స్ అతనికి పని ఒప్పజెప్తూ బదులుగా కొత్త జన్మల వరస ఇస్తాం అంటారు చూడు, అప్పటికీ అతని దగ్గర సొంతవి లేవనే కదా దాని అర్థం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది లెక్క కాదు, ట్రెమాస్ కూతురు నిస్సా. ఆ పిల్ల తర్వాత కథలో, అదే 'లోగోపోలిస్'లో, నాన్నని వెతుక్కుంటూ వస్తుంది, ఎదురుగా నాన్న ముఖమే, కాకపోతే వయసు తగ్గినట్టుంది, నాన్నే అనుకుంటుంది. వాడు ప్రేమగా చేతికి ఒక కంకణం తొడుగుతాడు, తర్వాత ఆ కంకణంతోనే ఆమె చేతిని తను ఆడిస్తాడు. అదే కథలో ఆమె పుట్టిన లోకం కూడా మాస్టర్ చేసిన పని వల్ల నాశనమవుతుంది. తండ్రి, ఊరు, లోకం అన్నీ పోయిన పిల్ల, చంపినవాడు తండ్రి ముఖంతోనే తిరుగుతుంటాడు. ఇంత బరువున్న విషయాన్ని రచయితలు తర్వాత దాదాపు ముట్టుకోలేదు, 1983లో నిస్సా సీరియల్ నుంచి వెళ్లిపోయింది కూడా. ఆ శరీరం లోపల ట్రెమాస్ జ్ఞాపకాలు మిగిలాయా అన్నది ఒక్కసారి కూడా అడగలేదు. కంటిన్యుటీ తప్పంటే నా దృష్టిలో తేదీలు కలవకపోవడం కాదు, ఇదీ.

ప్రశ్న: 'ప్లానెట్ ఆఫ్ ఫైర్'లో మాస్టర్ మంటల్లో కాలిపోయాడు, మరుసటి ఏడాదే పొలంలో దిష్టిబొమ్మ వేషంలో తిరిగొచ్చాడు. పైగా కాలిపోతూ "నీ సొంత..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. అంటే డాక్టర్‌కి అన్నదమ్ముడా?

ఎలా తప్పించుకున్నాడో 1985 కథ 'ది మార్క్ ఆఫ్ ది రాణి'లో చెప్పలేదు. తనని చంపడం ఎవరివల్లా కాదన్నట్టు మాట్లాడి ముందుకెళ్లిపోతాడు.

ఇక ఆ సగంలో ఆగిన మాట. 1984 నుంచి అభిమానులు దాన్ని పట్టుకుని కూర్చున్నారు, నేనూ ఆ సీన్ మళ్లీ మళ్లీ చూశాను. డాక్టర్‌గా పీటర్ డేవిసన్ కళ్లముందు ఒకడు కాలిపోతుంటే చేయి చాపకుండా చూస్తూ నిలబడతాడు, ముఖంలో కోపం లేదు, అదోలా ఉంటుంది. 'సొంత' తర్వాత వచ్చే మాట తమ్ముడు కావచ్చు, జాతి కావచ్చు, పాత స్నేహితుడు కావచ్చు. 2007లో డాక్టర్‌తో కలిసి తిరిగే మార్తా సరిగ్గా ఇదే అనుమానం డాక్టర్‌తో అంటుంది, నువ్వు టీవీ ఎక్కువ చూస్తున్నావు అని ఆయన కొట్టిపారేస్తాడు. సినిమాల్లో విడిపోయిన అన్నదమ్ముల కథలు చూసి పెరిగిన మనకి తమ్ముడనే వెంటనే తడుతుంది గానీ తెర మీద సాక్ష్యం లేదు, ఉన్న ఒక్కటీ దానికి వ్యతిరేకంగానే ఉంది. స్నేహితుడు అన్నదే నాకు సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే రక్తసంబంధం ఉంటే క్షమించక తప్పదేమో, స్నేహం అయితే క్షమించాలా వద్దా అన్నది డాక్టర్ చేతిలోనే ఉంటుంది.

ప్రశ్న: 1988 కథలో డాలెక్‌లనే శత్రుజాతి సొంత గ్రహం స్కారో పేలిపోయింది. 1996 టీవీ సినిమాలో మాస్టర్‌ని అదే స్కారోలో డాలెక్‌లు చంపాయి అంటారు. ఎలా?

కాలంలో తిరిగేవాళ్ల కథ కదండీ, పేలకముందు ఏదో ఒక సంవత్సరంలో జరిగిందనుకుంటే సరిపోతుంది. దీనికంటే పెద్ద చిక్కు ఏంటంటే అడ్డొచ్చినవాళ్లందర్నీ కాల్చేసే డాలెక్‌లు మాస్టర్‌ని కూర్చోబెట్టి విచారణ జరపడమేంటి, అస్థికలు గాలిఫ్రేకి తీసుకెళ్లమని తమ బద్ధశత్రువు డాక్టర్‌కే అప్పగించడమేంటి? దీనికి నా దగ్గర జవాబు లేదు, సినిమా దగ్గరా లేదు. ఆ సినిమాలో ఎరిక్ రాబర్ట్స్ శరీరం కూడా పరకాయ ప్రవేశమే, చివర్లో టార్డిస్‌కి శక్తినిచ్చే 'ఐ ఆఫ్ హార్మనీ'లో పడిపోతాడు. 2007లో డెరెక్ జాకబీగా, తర్వాత జాన్ సిమ్‌గా వచ్చినప్పుడు మాత్రం ఒక సరైన జవాబిచ్చారు, డాలెక్‌లతో జరిగిన కాలయుద్ధంలో పోరాడ్డానికి టైమ్ లార్డ్సే తనని మళ్లీ బతికించారని అతనే చెప్తాడు. ఒక్క మాటతో పాత గొడవలన్నీ తీరిపోయాయి.

ప్రశ్న: అన్నా, మిస్సీ, అదే ఆడ రూపంలోని మాస్టర్, 2017లో మంచిగా మారి చనిపోయింది, నేను ఏడ్చాను. 2020లో కొత్త మాస్టర్‌గా సచా ధావన్ వచ్చి మళ్లీ మొదటికి తెచ్చాడు. అతను మిస్సీకి ముందువాడా తర్వాతవాడా?

ఏడవడం న్యాయమే తమ్ముడూ. మిషెల్ గోమెజ్ చేసిన మిస్సీ చివరికి డాక్టర్ పక్కన నిలబడాలని నిర్ణయించుకుంటుంది, తన పాత రూపమే, అంటే జాన్ సిమ్ మాస్టరే, వెనక నుంచి కాల్చేస్తాడు, ఇంక మారడం కూడా కుదరదంటాడు. ఆమె మారిన సంగతి డాక్టర్‌కి తెలియనే తెలియదు.

ధావన్ ఎప్పటివాడో తెర మీద ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. సిమ్‌కీ మిస్సీకీ మధ్య దూర్చొచ్చని కొందరంటారు, అలా అయితే మిస్సీ మంచితనం చెడిపోదు కదా అని వాళ్ల ఆశ. ఆ ఆశ నాకూ అర్థమవుతుంది గానీ నేను ఒప్పుకోను. డాక్టర్, మాస్టర్ సాధారణంగా ఒకే వరసలో కలుస్తారు, అది తప్పిందల్లా ఇద్దరు మాస్టర్లు ఎదురుపడ్డ ఆ 2017 కథలోనే. పైగా ధావన్ కోపానికి కారణం ఉంది. గాలిఫ్రే రహస్యం ఒకటి బయటపడుతుంది, టైమ్ లార్డ్స్‌కి రూపాలు మార్చే శక్తి డాక్టర్ నుంచే వచ్చిందని, అంటే తన ఒంట్లో ఉన్నది కూడా ఆ శత్రువు భిక్షేనని. జీవితమంతా డాక్టర్‌తో సమానం అనుకున్నవాడికి ఆ మాట ఎంత దెబ్బో ఆలోచించు, మంచిదారిలోకి అడుగుపెట్టినవాడు కూడా దానికి వెనక్కి తిరగొచ్చు. కాబట్టి మిస్సీ తర్వాతే అంటాను. ఎలా బతికాడన్నది మాత్రం ఒక్క డైలాగ్‌తో అయినా చెప్పి ఉండాల్సింది, ఆ ఒక్క డైలాగ్ రాయకపోవడం ఆమె చావుకి చేసిన అన్యాయం.

ప్రశ్న: ధావన్ మాస్టర్ 1943లో ప్యారిస్‌లో ఇరుక్కుని 77 ఏళ్లు మామూలు మనుషుల్లా బతుకుతూ 2020కి వచ్చాడు కదా. అప్పుడు భూమ్మీద పాత మాస్టర్లు కూడా ఉన్నారుగా? (లండన్ నుంచి ఒక పాఠకురాలు)

వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదేనండి. నాజీ యూనిఫాంలో మన రంగు మనిషి ఎలా తిరిగాడంటే పర్సెప్షన్ ఫిల్టర్ వల్ల వాళ్లకి వేరేలా కనిపించాడు, అప్పటికి ఆడ రూపంలో ఉన్న డాక్టర్ దాన్ని పనిచెయ్యకుండా చేసేసరికి అసలు ముఖం బయటపడింది, ఆమె అతని టార్డిస్ ఎత్తుకెళ్లిపోయింది. భారతీయ మూలాలున్న బ్రిటిష్ నటుడితో రాసిన ఆ సీన్ చాలామందికి మింగుడుపడలేదు, విలన్‌ని ఓడించడానికి అతని ఒంటిరంగుని నాజీలకి చూపించడం డాక్టర్ చెయ్యాల్సిన పని కాదు అని నేనూ అంటాను.

ఇక ఆ 77 ఏళ్లు. డెల్గాడో భూమ్మీదే ఉన్నాడు, టార్డిస్‌ని గుర్రాల్ని తరలించే వ్యాన్ రూపంలో దాచుకుని. 1981లో ఐన్లీ రేడియో టెలిస్కోప్ దగ్గర ఉన్నాడు, 1989లో మళ్లీ లండన్ శివార్లలో. ఆ తర్వాత సిమ్ హెరాల్డ్ సాక్సన్ పేరుతో ఏకంగా ప్రధానమంత్రి అయిపోయాడు, 2014లో మిస్సీ సెయింట్ పాల్స్ చర్చి దగ్గర సైబర్‌మెన్ అనే మరమనుషులతో దిగింది. అంటే ధావన్ తన పాత జన్మలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఓడిపోవడం పేపర్లో చదువుతూ కూర్చున్నట్టే లెక్క! మరి డెల్గాడో టార్డిస్ దొంగిలించి పారిపోవచ్చు కదా అంటే, అది పనిచేసే భాగాన్ని అప్పట్లో డాక్టర్ తీసేసుకున్నాడు, తర్వాత అది తిరిగి దొరికింది కూడా నిజమే, కానీ తన గతాన్ని తనే చెడగొడితే తను మిగలడు, తన ప్రాణం ముందు మాస్టర్‌కి ఇంకేదీ ఎక్కువ కాదు. అందుకే దూరంగా ఉన్నాడనుకుంటున్నాను.

ప్రశ్న: 2023లో 'ది గిగిల్' చివర బంగారు పన్ను తీసుకున్న చెయ్యి ఎవరిది?

ఆ ఎపిసోడ్‌లో చెప్పలేదు. మాస్టర్ ఆ పన్నులో బందీగా ఉన్నాడని ఆ ఎపిసోడ్ విలన్ టాయ్‌మేకర్ అంటాడు, ఎర్ర గోళ్ల చెయ్యి ఒకటి దాన్ని తీసుకుంటుంది. 2007లో మాస్టర్ చితి దగ్గర ఉంగరం తీసింది కూడా ఎర్ర గోళ్ల చెయ్యే, అది జైల్లో పనిచేసే మిస్ ట్రెఫ్యూసిస్‌దని 2009 క్రిస్మస్ ఎపిసోడ్‌లో తెలిసింది. రెండు సీన్లు రాసిందీ రస్సెల్ టి డేవిస్సే.