సామాన్లతో సహా సొంతిల్లు కొన్ని నెలలు అద్దెకివ్వడం: మా అనుభవం

ఉద్యోగం కోసం 9 నెలలు కుటుంబమంతా వేరే చోటికి మారాల్సి వస్తోందనీ, ఇంటికి తాళం వేసి వెళ్ళాలో, సామాన్లతో సహా అద్దెకివ్వాలో తేలడం లేదనీ అడిగారు. మూడేళ్ళ కిందట మాకూ ఇదే పరిస్థితి వచ్చింది. 10 నెలలకు ఇచ్చాం. మళ్ళీ వెళ్ళాల్సి వస్తే మళ్ళీ ఇస్తాం. తాళం వేసిన ఇంట్లో ఏ పైపో కారుతుంటే మనకు తెలిసేసరికి గోడంతా తడిసి ఉంటుంది. మనుషులు తిరుగుతుంటే ఆ భయం తక్కువ. కాకపోతే మేము చేసిన పొరపాట్లు కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను.

అద్దెల కోసం కట్టిన ఇల్లు వేరు, మనం కాపురం ఉంటున్న ఇల్లు వేరు. అక్కడ సోఫా అంటే సోఫానే. ఇక్కడ అదే సోఫా పట్టుకుని మన పిల్ల నడక నేర్చుకుని ఉంటుంది. వచ్చేవాళ్ళకు ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అందుకని ఒక్కో గదిలో నిలబడి, ఒక్కో వస్తువునూ చూసి, ఇది పాడైతే డబ్బు తీసుకుని ఊరుకోగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. ఊరుకోలేననిపిస్తే దాన్ని ఆ ఇంట్లో ఉంచకండి. మిగతావన్నీ వాడుకోవడానికే ఇస్తున్నాం. కొంచెం అరుగుతాయి, గీతలు పడతాయి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు డిపాజిట్‌లో కోత పెట్టడం న్యాయం కాదు కూడా.

నేను ఈ లెక్క వేసుకోకుండా మా అమ్మ ఇచ్చిన చెక్క బల్లను హాల్లోనే వదిలేశాను. తిరిగొచ్చాక చూస్తే బల్ల మీద అరచేతి వెడల్పున తెల్లటి గుండ్రటి మచ్చ. వేడి గిన్నె నేరుగా పెడితే పాలిష్ పొరలోకి తేమ దూరి పడే మచ్చ అది. నాకు కోపం తన్నుకొచ్చింది. వాళ్ళేమో మేము వచ్చేటప్పటికే ఉందన్నారు. సరే, ఇచ్చే ముందు తీసిన ఫొటోలు చూద్దామని ఫోన్ తెరిచాను. 140 ఫొటోల్లో ఆ బల్ల ఆరింట్లో ఉంది. ఆరింట్లోనూ దాని మీద గుడ్డ పరిచే ఉంది! ఫొటోల్లో బాగా కనబడాలని నేనే పరిచాను. ఇంక ఏమని వాదిస్తాం? ఆ మచ్చ ఎవరిదో ఈరోజుకీ తేలలేదు.

కాబట్టి ఫొటోలు అందం కోసం తీయకండి, సాక్ష్యం కోసం తీయండి. గుడ్డలూ, దిండ్లూ తీసేసి బల్లల పైభాగం, పరుపుకు రెండు వైపులా, ఫ్రిజ్ లోపల, కిటికీల గొళ్ళాలు, అంతకుముందే ఉన్న గీతలు, పగుళ్ళు దగ్గరగా తీయండి. కరెంటు, నీళ్ళ మీటర్ల రీడింగులు కూడా తీసుకోండి. వస్తువుల జాబితా రాసేటప్పుడు "కుర్చీలు 6" అని ఆపేయకుండా "కుర్చీలు 6, ఒకదాని కాలు కదులుతోంది" అని రాయండి. తాళాలిచ్చే రోజు ఆ జాబితా పట్టుకుని ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి, ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకాలు చేయండి. గంటన్నర పడుతుంది. మొహమాటపడొద్దు, అది వాళ్ళకూ రక్షణే.

ఒక గదికి తాళం వేసి మన సామాన్లన్నీ అందులో పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. పెట్టుకోవచ్చు, మేమూ అలాగే చేశాం. అయితే ఇంటర్నెట్ రౌటర్ ఆ గదిలోనే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగో రోజు నెట్ ఆగిపోయింది. దాన్ని ఒక్కసారి ఆపి ఆన్ చేయడానికి మా మరిది తాళంచెవి పట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. రౌటర్, కరెంటు ఫ్యూజుల బోర్డు, నీళ్ళ మెయిన్ వాల్వ్, వీటిలో ఏదీ తాళం వేసిన గదిలో ఉండకుండా చూసుకోండి. ఆ గది మీకే అని అగ్రిమెంట్‌లోనూ రాయించండి.

రెండో వారంలో వాషింగ్ మెషిన్ నీళ్ళు వదలడం లేదని ఫోన్ వచ్చింది. వీళ్ళు పాడుచేశారన్న టెన్షన్‌తో మెకానిక్‌ను పంపితే, కింద ఫిల్టర్‌లోంచి మావాడి చొక్కా గుండీలు రెండు, ఒక గోళీ తీశాడు. తప్పు మాదే, డబ్బులూ మావే! అప్పట్నుంచి అందరికీ చెప్తున్నాను, ఇచ్చే ముందే ఏసీ, గీజర్, వాషింగ్ మెషిన్ ఒకసారి చూపించేయండి. ఏది ఎలా వాడాలో ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. గీజర్ స్విచ్ ఏది, కుళాయి కారితే ఎక్కడ కట్టేయాలి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లేమిటి, అన్నీ అందులో ఉండాలి. అర్ధరాత్రి ఫోన్లు సగానికి సగం తగ్గుతాయి.

వెళ్ళే ముందు టీవీలో మీ అకౌంట్లన్నీ లాగౌట్ చేయండి. మేము మర్చిపోయాం, 10 నెలలూ వాళ్ళు చూసిన దయ్యాల సినిమాల లాంటివే ఇప్పటికీ మాకు సిఫార్సుగా వస్తుంటాయి. నవ్వులాట సరే, కార్డు వివరాలున్న అకౌంటైతే నవ్వు రాదు. వైఫై పాస్‌వర్డ్ కూడా ఇచ్చేటప్పుడొకసారి, తిరిగొచ్చాక ఒకసారి మార్చండి.

అగ్రిమెంట్ మాత్రం నోటిమాట మీద వదలకండి, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, అద్దె, డిపాజిట్, ఏ బిల్లు ఎవరిది, ఏ రిపేరు ఎవరిది, వేరేవాళ్ళకు తిరిగి అద్దెకివ్వకూడదనే షరతు, అన్నీ రాతలో ఉండాలి. గడువైపోయినా వాళ్ళు కదలకపోతే తాళం మార్చడం, కరెంటు తీయించడం మనకు మనంగా చేయకూడదు. చాలా చోట్ల అది చట్టవిరుద్ధం. అందుకే మీ దగ్గర కొద్దికాలపు అద్దెలకు చట్టం ఏం చెప్తోందో ఒక లాయర్‌ను ముందే అడగండి. రోజుల లెక్కన ఇచ్చే ఇళ్ళకూ, నెలల లెక్కన ఇచ్చే ఇళ్ళకూ నిబంధనలు తరచూ వేరుగా ఉంటాయి.

ఇంటికి బీమా ఉంటే కంపెనీకి అద్దె సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. యజమానే ఉంటున్నాడని తీసుకున్న పాలసీ, అద్దెకిచ్చాక క్లెయిమ్ దగ్గర మొండిచేయి చూపించవచ్చు. హోమ్ లోన్ నడుస్తుంటే ఆ కాగితాల్లోనూ, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ నియమాల్లోనూ అద్దె గురించి ఏముందో చూడండి. వచ్చే అద్దె ఆదాయం కిందికి వస్తుంది, పన్ను లెక్కలో మర్చిపోకండి.

ఎవరికివ్వాలి అంటే, తాము కూడా ఇన్ని నెలలే ఉండాల్సిన కారణం ఉన్నవాళ్ళకు. మా ఇంట్లో ఉన్నవాళ్ళ సొంతిల్లు కట్టుబడిలో ఉంది, అది పూర్తవగానే వాళ్ళే వెళ్ళిపోయారు. వాళ్ళ పాత ఇంటి యజమానితో ఫోన్‌లో మాట్లాడాకే మేము సరేనన్నాం.

ఇంకొకటి, వాళ్ళు ఖాళీ చేసే రోజుకూ మీరు దిగే రోజుకూ మధ్య కనీసం వారం ఉంచుకోండి. మేము ఉదయం వాళ్ళను పంపి సాయంత్రం సూట్‌కేసులతో దిగాం. జాబితా చూసుకునే ఓపిక లేదు, డిపాజిట్ లెక్క మెట్ల మీద నిలబడే తేల్చేశాం. బల్ల మీద మచ్చ కంటపడింది ఆ రాత్రే.