స్క్రిమ్‌షా లాకెట్లను ఇప్పటికీ తిమింగలం పళ్లతోనే చేస్తారా?

చాలావరకు చేయరు. స్క్రిమ్‌షా అంటే పన్ను, ఎముక వంటి వాటిపై సూదిమొనతో బొమ్మ గీసి, ఆ గాట్లలో రంగు నింపే కళ. ఇప్పుడు ఎక్కువగా వాడేది పశువుల ఎముక, దక్షిణ అమెరికా అడవుల్లో దొరికే టాగువా అనే తాటిజాతి గింజ, రెసిన్ వంటివి.

అమెరికాలోని నాంటకెట్, న్యూ బెడ్‌ఫర్డ్ రేవుల నుంచి తిమింగలాల వేటకు వెళ్లిన ఓడలు 19వ శతాబ్దంలో ఏళ్ల తరబడి సముద్రంలోనే ఉండేవి. తిమింగలం కనబడని రోజుల్లో నావికులకు పని తక్కువ, విసుగు ఎక్కువ. నూనె కోసం చంపిన స్పెర్మ్ తిమింగలాల పళ్లను నునుపుగా రుద్ది, తెరచాపలు కుట్టే సూదితోనో జేబు కత్తితోనో ఓడలను, ఇంటి దగ్గరి ఆడవాళ్లను గీసేవారు. ఆ గీతల మీద దీపపు మసి పూసి తుడిస్తే, నునుపైన చోట మరక నిలవదు, గాట్లలో మాత్రం నల్లగా ఉండిపోతుంది. ఈనాటి నగల తయారీలోనూ కిటుకు ఇదే; మసికి బదులు సిరా వాడతారు, అంతే. నాణేనికి మించని లాకెట్‌పై తెరచాపల నీడలను సన్నని చుక్కలతో తేల్చడం మాత్రం తేలిక కాదు. నా లెక్కలో ధర పలకవలసింది ఆ చేతిపనికే.

అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కొత్త పళ్ల వాడకాన్ని దాదాపు ఆపేసింది. మన దేశంలోనూ తిమింగలాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అసలు పన్ను అని ఎవరైనా ఊరిస్తే కొనకండి.

లాకెట్ ఎముకదో కాదో తేల్చుకోవాలంటే భూతద్దంతో చూడండి; ఎముకలో సన్నని ముదురు రంధ్రాలు కనిపిస్తాయి. ఒకే బొమ్మ పది లాకెట్లపై గీత తేడా లేకుండా ఉంటే అది చేత్తో గీసిన సరుకు కాదు.