సున్నపు గోడ ముందు నల్లబట్టల అవ్వను తీయాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

గ్రీకు ఫొటోగ్రాఫర్ వూలా పాపయోవాన్ను లాగా మామూలు మనుషుల్ని తీయాలని రాశావు, సంతోషం. 1941-42 కరవులో ఏథెన్స్‌ను, యుద్ధం ముగిశాక గ్రీసు పల్లెల్ని తీసిందామె. ఆమె నెగటివ్‌లు ఏథెన్స్ బెనాకీ మ్యూజియంలో ఉన్నాయి. ముందు ఆ పల్లె ఫొటోలు నిదానంగా చూడు. లేమి కనిపిస్తుంది గానీ మనిషి చిన్నబోడు. నువ్వు నేర్చుకోవాల్సింది అదే.

నీ 6×6 సెంటీమీటర్ల ట్విన్ లెన్స్ కెమెరా (పై లెన్స్‌తో చూస్తాం, కింది లెన్స్‌తో తీస్తాం) ఈ పనికి బాగా సరిపోతుంది. నడుము దగ్గర పట్టుకుంటావు కాబట్టి నీ ముఖానికి అడ్డు రాదు, మాట్లాడుతూనే నొక్కొచ్చు. కూర్చున్నవాళ్లను తీసేటప్పుడు మాత్రం మోకాళ్ల మీదికి దిగు. పైనుంచి చూసే అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. గాడిద కుడికి నడిస్తే బొమ్మ ఎడమకు పోతుంది. బొమ్మను నమ్మకు, గాడిద పోయే వైపే కెమెరా తిప్పు. మీటరు దూరంలో తీస్తే తల పైన కాస్త ఖాళీ వదులు. తీసే లెన్స్ చూసే లెన్స్ కన్నా కొంచెం దిగువన ఉంటుంది కాబట్టి నెత్తి తెగుతుంది. రోలైఫ్లెక్స్ అనే రకం కెమెరా అయితే ఆ తేడా అదే సర్దుకుంటుంది.

వీధిలో ఐఎస్ఓ 100 ఫిల్ముకు ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్/11, షట్టర్ 1/250 సెకను పెట్టి, ఫోకస్ 4 మీటర్ల దగ్గర వదిలెయ్. దాదాపు 3 నుంచి 6 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది.

అసలు చిక్కు సున్నం కొట్టిన గోడ. దాని ముందు నల్లబట్టల అవ్వ కూర్చుంటే వెలుతురు కొలిచే మీటర్ గోడనే చూస్తుంది. అది చెప్పినట్టు తీస్తే గోడ బూడిదరంగుకు దిగి, ముఖమూ ముసుగూ ఒకే ముద్దవుతాయి. ఆమె మీద పడే వెలుతురులోనే నీ అరచెయ్యి పట్టి కొలిచి, దానికి ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వు. ఫిల్ము కడిగేటప్పుడు సమయం 15 శాతం తగ్గించు. లేదంటే ప్రింటులో గోడ తెల్లకాగితంలా మిగులుతుంది, సున్నపు పొలుసులు కనపడవు. మిట్టమధ్యాహ్నం అయితే కళ్లు గుంటల్లో పడిపోతాయి, గుమ్మం నీడలోకి రమ్మని అడుగు.

రోలుకు 12 ఫ్రేములే. ఎండలో మార్చకు, చుట్ట వదులైతే అంచుల్లోంచి వెలుతురు దూరుతుంది. తీసిన ప్రతి రోలు మీదా ఊరు, తేదీ, ఆ మనిషి చేస్తున్న పని అప్పుడే రాసుకో. అడ్రసు తీసుకుని ఒక ప్రింటు తప్పకుండా పంపు.