ఇంటర్నల్ ఆడిట్ టీమ్‌లో నేను ఇమడగలనా?

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక తయారీ కంపెనీ ఇంటర్నల్ ఆడిట్ విభాగంలో ఇంటర్న్‌షిప్‌కు ఎంపికయ్యాను. ఇంటర్వ్యూలో ఎక్కువగా టీమ్ వర్క్ గురించే అడిగారు. కాలేజీలో గ్రూప్ ప్రాజెక్టు అంటే ఒకరిద్దరు చేస్తే మిగతావాళ్లు పేరు రాయించుకునేవాళ్లు. నాకు ఒక్కడినే కూర్చుని పనిచేసుకోవడం అలవాటు. ఆడిట్‌లో టీమ్‌గా అసలేం చేస్తారు? నాకు సరిపడుతుందా?

జవాబు: సరిపడుతుంది. కాగితాల ముందు గంటల తరబడి కూర్చునే ఓపిక ఈ పనికి పెట్టుబడి. కాకపోతే మీరు కనిపెట్టింది మీ దగ్గరే ఆగిపోకూడదు. మీరు సెలవులో ఉన్నా, మీ వర్కింగ్ పేపర్ (ఏం పరీక్షించారో, ఏం తేలిందో రాసిపెట్టే పత్రం) చదివి ఇంకొకరు అదే శాంపిల్ తీసి, అదే పరీక్ష చేసి, అదే నిర్ణయానికి రాగలగాలి. ఆడిట్‌లో టీమ్ వర్క్ చాలావరకు ఇదే. కలుపుగోలుతనం, మీటింగుల్లో గట్టిగా మాట్లాడటం ఆ తర్వాతి సంగతులు.

మధ్యస్థాయి ఆడిట్‌కు సాధారణంగా ఒక లీడ్, ఇద్దరు ముగ్గురు జూనియర్లు ఉంటారు. పైన మేనేజర్ రివ్యూ చేస్తారు. పని మొదలయ్యే ముందు లీడ్ ఒక పట్టిక తయారు చేస్తారు: ఎక్కడ తేడా రావొచ్చు, రాకుండా కంపెనీ ఏ కంట్రోల్ పెట్టుకుంది, అది పనిచేస్తోందో లేదో ఎలా పరీక్షించాలి, ఎవరు పరీక్షించాలి. చివరి గడిలో మీ పేరు కనిపిస్తుంది. మీ వరుస వరకే చూసి ఊరుకోకండి, పట్టిక మొత్తం అడిగి తీసుకుని చదవండి.

ఎందుకంటే, కొనుగోళ్ల ఆడిట్ జరుగుతోందనుకోండి. ఒకరికి వెండర్ మాస్టర్, అంటే సరుకు సరఫరా చేసేవాళ్ల వివరాల జాబితా ఇచ్చారు. ముగ్గురు వెండర్ల బ్యాంకు ఖాతా నంబర్లు మారాయని, మార్చేముందు వాళ్లకు ఫోన్ చేసి నిర్ధారించుకున్న ఆధారం లేదని ఆయన రాసుకున్నారు. మీకు 25 చెల్లింపులు ఇచ్చారు. పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, ఇన్వాయిస్ మూడూ పక్కపక్కన పెట్టి పరిమాణం, ధర పోల్చారు. అన్నీ సరిపోయాయి. మూడో వ్యక్తి సాఫ్ట్‌వేర్ అనుమతులు చూశారు. వెండర్‌ను సృష్టించే యూజర్ ఐడీకే చెల్లింపు విడుదల చేసే హక్కు కూడా ఉందని తేలింది. విడివిడిగా చూస్తే ఒకటి కాగితాల లోపం, ఒకటి శుభ్రం, ఒకటి ఐటీ సవరణ. కలిపి చూస్తే డబ్బు పక్కదారి పట్టడానికి తలుపు బార్లా తెరిచి ఉంది. పైగా ఆ మూడు ఖాతాలకు వెళ్లిన చెల్లింపులు మీ 25లో పడకపోయి ఉండొచ్చు. మీ ‘అన్నీ సరిపోయాయి’కి అప్పుడు విలువెంత? రోజు చివర పావుగంట అందరూ కూర్చుని ఆనాటి తేడాలు చెప్పుకుంటే ఇది రెండో రోజే బయటపడుతుంది. లేకపోతే రిపోర్టులో మూడు వేర్వేరు పేజీల్లో మూడు చిన్న పాయింట్లుగా మిగులుతుంది.

ఇక పేపర్ రాసే తీరు. ‘25 ఇన్వాయిస్‌లు చూశాను, లోపాలు లేవు’ అంటే రివ్యూలో తిరిగొస్తుంది. ఏ కాలానికి సంబంధించినవి, మొత్తం ఎన్నింటిలోంచి, జాబితా ఏ రిపోర్టు నుంచి ఏ తేదీన ఎవరు తీశారు, 25ని ఎలా ఎంచారు, ఒక్కోదానిలో ఏమేం పోల్చారు అన్నీ ఉండాలి. జూనియర్లు ఎక్కువగా దెబ్బతినేది జాబితా దగ్గరే. డిపార్ట్‌మెంట్ వాళ్లు పంపిన ఎక్సెల్‌లో ఫిల్టర్ చేసిన వరుసలు కొన్ని లేకుండా వస్తాయి. మొత్తాన్ని లెడ్జర్‌తో సరిచూసుకున్నాకే శాంపిల్ తీయండి. ఇద్దరు జూనియర్లు వేర్వేరు రోజుల్లో వేర్వేరు జాబితాలు తెప్పించుకుంటే చివరికి ఒకరి లెక్క ఇంకొకరితో కుదరదు. డేటా ఒక్కసారే తీయించి, అందరూ దాని మీదే పనిచేయాలి. అడగాల్సిన పత్రాలకూ అందరికీ కలిపి ఒకే జాబితా ఉండాలి. ఒకే వోచర్‌ను ముగ్గురు మూడుసార్లు అడిగితే అకౌంట్స్‌వాళ్లు విసుక్కోవడంలో తప్పేముంది?

పేరు రాయించుకునే బాపతు ఇక్కడ దాక్కోవడం కష్టం. ప్రతి పేపర్ మీద తయారుచేసినవారి పేరు, తేదీ, రివ్యూ చేసినవారి పేరు, తేదీ ఉంటాయి. మీలాంటి వాళ్లకు ఉండే ప్రమాదం వేరు. ఎక్కడో చిక్కుకుపోయి, తనే తేల్చుకుందామని చివరి రోజు దాకా చెప్పకుండా ఉండటం. పత్రం రెండు రోజులుగా రాలేదంటే ఆ రోజే లీడ్‌కు చెప్పండి. తెప్పించే దారి ఆయనకు తెలుసు.

రివ్యూ నోట్స్ చూసి నొచ్చుకోకండి. ‘ఈ తేదీకి ఆధారం ఏది?’ అని అడిగితే ‘సరిచేశాను’ అని రాయకుండా, ఆధారం జతచేసి ఏ పేజీలో ఉందో రాయండి. మేనేజర్ అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే కారణం రాతపూర్వకంగా ఫైల్లో పెట్టమని అడగొచ్చు.

తనిఖీ జరిగే విభాగంతో మర్యాదగా ఉండండి, ఆ విభాగం పని మాత్రం చేయకండి. ‘ఖాళీగా ఉన్నావుగా, ఈ బిల్లులు ఎంటర్ చెయ్’ అంటే లీడ్‌కు చెప్పండి. మీరు ఎంటర్ చేసినదాన్ని మీరే ఆడిట్ చేయలేరు. 2025 జనవరి 9 నుంచి అమల్లో ఉన్న గ్లోబల్ ఇంటర్నల్ ఆడిట్ స్టాండర్డ్స్ ప్రకారం, గత 12 నెలల్లో తాను బాధ్యత వహించిన పనిని ఆడిటర్ తనిఖీ చేస్తే నిష్పాక్షికత దెబ్బతిన్నట్టే భావిస్తారు. సగం తేలిన విషయాన్ని టీ దగ్గర కూడా చెప్పొద్దు. పూర్తిగా తేలినదాన్ని మాత్రం, లీడ్ అనుమతితో, ముగింపు సమావేశానికి ముందే సంబంధిత వ్యక్తికి చూపించి వివరాలు నిజమేనా అని నిర్ధారించుకోవాలి. అందరి ముందు ‘ఆ రసీదు మా దగ్గర ఉందే’ అని తీసి చూపిస్తే మీ టీమ్ చెప్పిన మిగతా పాయింట్లకూ బలం పోతుంది.

చేరేలోగా ఎక్సెల్‌లో లుక్అప్, పివట్, డూప్లికేట్లు పట్టుకోవడం చేతికి రావాలి. ఇంటర్నల్ ఆడిటర్ల అర్హత పరీక్ష సీఐఏ (సర్టిఫైడ్ ఇంటర్నల్ ఆడిటర్) మూడు భాగాలు, దాని గురించి ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆలోచించొచ్చు. మొదటి వారంలో పూర్తయిన పాత ఆడిట్ ఫైలు ఒకటి చూపించమని లీడ్‌ను అడగండి. రిపోర్టులోని ఒక పాయింట్ పట్టుకుని వెనక్కి, పేపర్ దాకా, అక్కడి నుంచి అసలు వోచర్ దాకా వెళ్లి చూడండి.