టాస్క్ మేనేజర్‌లో పేరు చూడకండి, ఫైలు ఎక్కడుందో చూడండి

ప్రశ్న: "టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎస్‌వీసీహోస్ట్ అనే పేరుతో డెబ్భై ఎనభై కనిపిస్తున్నాయి. ఇవన్నీ వైరస్‌లేనా? నడుస్తున్న ప్రోగ్రాం మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?"

అన్ని కనిపించడం మామూలే. విండోస్ తన సర్వీసుల్లో (తెర వెనక నడిచే పనుల్లో) చాలావాటిని ఆ పేరు కిందే నడుపుతుంది. ఒకప్పుడు ఒక్కో ఎస్‌వీసీహోస్ట్‌లో చాలా సర్వీసులు కలిపి పెట్టేది. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, ర్యామ్ 3.5 జీబీ దాటిన కంప్యూటర్లలో వాటిని చాలావరకు విడదీసింది. ఒకటి ఆగిపోతే దాంతోపాటు మిగతావీ ఆగిపోకూడదని అలా చేశారు. కాబట్టి లెక్క చూసి టెన్షన్ పడకండి.

అలాగని పేరు చూసి ధైర్యంగా ఉండటానికీ లేదు. ప్రోగ్రాంకి పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. చూడాల్సింది ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, దాన్ని ఎవరు నడుపుతున్నారు అన్నదే. నా అనుభవంలో ఇళ్లలో, చిన్న షాపుల్లో దొరికే వైరస్‌లలో నూటికి తొంభై ఈ ఒక్క ప్రశ్నతోనే పట్టుబడతాయి.

మా బాబాయిది మదనపల్లె. బెంగళూరులో మారతహళ్లి దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. చుట్టూ పీజీలు, వచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే. రెజ్యూమేలు, ఆధార్ కాపీలు, రెంటల్ అగ్రిమెంట్లు, ఇదే పని. ఓ ఆదివారం ఫోన్ చేసి, "ఒరేయ్, సిస్టమ్ ఫ్యాను ఒకటే మోత పెడుతోందిరా. ప్రింట్ కొడితే రెండు నిమిషాలకు గానీ కదలట్లేదు. జనం విసుక్కుని పక్క షాపుకు పోతున్నారు" అన్నాడు. అంతకు కొన్ని నెలల ముందే ఎస్పీ రోడ్డులో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ అది.

వెళ్లి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. కొన్ని సెకన్లలోనే ఫ్యాను నెమ్మదించింది. సీపీయూ ఐదు శాతం కూడా లేదు. మూసేస్తే మళ్లీ మోత. తెరిస్తే మళ్లీ నిశ్శబ్దం. బాబాయి "చూశావా, నువ్వు వచ్చేసరికి బాగైపోయింది" అని సంబరపడ్డాడు గానీ, నాకు అక్కడే అనుమానం గట్టిపడింది. మన కరెంటుతో, మన సీపీయూతో ఎవరికోసమో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే మైనర్లు ఉంటాయి. వాటిలో చాలావాటికి టాస్క్ మేనేజర్ కనబడగానే పని ఆపేసే తెలివి ఉంటుంది.

అందుకని టాస్క్ మేనేజర్ మూసేసి, విండోస్‌లోనే ఉండే, కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్ తెరిచి, గెట్ ప్రాసెస్ కమాండ్‌తో నడుస్తున్న ప్రతిదాని పేరూ, దాని ఫైలు ఉన్న దారీ రాబట్టాను. ఎస్‌వీసీహోస్ట్‌లు బోలెడు. అసలైనవి విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో ఉంటాయి, లేదా సిస్‌వావ్64లో. ఒక్కటి మాత్రం బాబాయి యూజర్ ఫోల్డర్‌లో, యాప్‌డేటా లోపల, రోమింగ్‌లో కూర్చుని ఉంది. అక్షరం తేడా లేదు, పేరు అదే. కొన్నయితే వీ, సీ అక్షరాలు తారుమారు చేసి మభ్యపెడతాయి, దీనికి ఆ అవసరం కూడా లేకపోయింది.

యాప్‌డేటానే ఎందుకు? సిస్టమ్32లో గానీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో గానీ ఫైలు పెట్టాలంటే అడ్మిన్ అనుమతి కావాలి. యాప్‌డేటాకు ఏ అనుమతీ అక్కర్లేదు. పైగా అది మామూలుగా కనబడని ఫోల్డర్. అలాగని యాప్‌డేటాలో ఉన్నవన్నీ దొంగవి కావు. జూమ్, వీఎస్ కోడ్ లాంటివి కూడా అక్కడే ఇన్‌స్టాల్ అవుతుంటాయి. ఎస్‌వీసీహోస్ట్ లాంటి విండోస్ సొంత ప్రోగ్రాం పేరు పెట్టుకుని అక్కడ ఉందంటే మాత్రం అది అబద్ధం ఆడుతున్నట్టే, ఇంకో రుజువు అక్కర్లేదు. ఫోల్డర్లు, డెస్క్‌టాప్ చూపించే విండోస్ ప్రోగ్రాం ఎక్స్‌ప్లోరర్ విషయంలో ఒక్క జాగ్రత్త. దాని అసలు చోటు సిస్టమ్32 కాదు, నేరుగా విండోస్ ఫోల్డరే. ఇది తెలియక మంచిదాన్ని తీసేయబోయినవాళ్లను చూశాను.

ఒక ఫైలు గురించి చాలా యాంటీవైరస్‌లు ఏమంటాయో ఒకేచోట చూపించే సైటు వైరస్‌టోటల్. ఆ ఫైలును అందులో ఎక్కించలేదు, దాని హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) మాత్రం వెతికాను. పవర్‌షెల్‌లో గెట్ ఫైల్ హాష్ అంటే 64 అక్షరాల షా-256 వస్తుంది. దాన్ని అక్కడ సెర్చ్‌లో పెడితే, అదే ఫైలు ఇంతకుముందు ఎవరైనా ఎక్కించి ఉంటే ఏ యాంటీవైరస్ ఏమందో చూపిస్తుంది. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అక్కడ ఎక్కించిన ఫైళ్లు సెక్యూరిటీ కంపెనీలకు, డబ్బు కట్టిన కస్టమర్లకు అందుబాటులో ఉంటాయి. అనుమానంగా ఉందని మీ ఆఫీసు డాక్యుమెంట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అక్కడ ఎక్కించకండి. బాబాయి ఫైలుకు వరసగా ఎర్ర గీతలు, అన్నీ మైనర్ అనే. ఎప్పుడూ పేరు వినని ఒకటో రెండో యాంటీవైరస్‌లు మాత్రమే వైరస్ అన్నాయంటే అది తప్పుడు అలారం అయ్యే అవకాశమే ఎక్కువ. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ కూడా 2022 సెప్టెంబర్‌లో ఓ అప్‌డేట్ తర్వాత క్రోమ్‌నే వైరస్ అనేసింది.

మరి డిఫెండర్ ఆన్‌లోనే ఉంది కదా, ఎందుకు పట్టుకోలేదు? విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ అనే జాబితా తెరిచి చూశాను. అందులో సీ డ్రైవ్ మొత్తం ఉంది! అంటే "ఈ డ్రైవ్‌లో ఏమున్నా చూడొద్దు" అని డిఫెండర్‌కు చెప్పి పెట్టారన్నమాట. అసెంబుల్ చేసిన కుర్రాడు లైసెన్స్ లేని విండోస్ వేసి, దాన్ని యాక్టివేట్ చేసే క్రాక్ నడపడానికి ఈ పని చేశాడు. వెళ్లి అడిగితే "అందరికీ ఇలాగే ఇస్తాం సార్, కంప్లయింట్ రాలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కంప్యూటర్‌లో ఎంతమంది పిల్లల ఆధార్ కార్డులు, మార్కుల లిస్టులు ఉంటాయో అతనికి పట్టలేదు. మీరు ఇంకేమీ చూడకపోయినా సరే, ఈ జాబితా మాత్రం ఈరోజే తెరిచి చూడండి. మీరు పెట్టనిది అందులో ఏదైనా ఉంటే, నడుస్తున్న ప్రోగ్రాం గురించి అడగడం మానేసి, ఆ కంప్యూటర్‌ని ఎవరు ముట్టుకున్నారో అడగండి.

తెలుగులో వీడియోలు చేసేవాళ్ల మీద కూడా నాకు కోపమే. "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి ఫ్రెండ్స్" అని మొదలుపెడతారు. యాంటీవైరస్ ఆపితే గానీ ఎక్కని సాఫ్ట్‌వేర్ ఎవరికీ అవసరం లేదు. ఏదో ఫైలు పేరు గూగుల్ చేస్తే వచ్చే "ఇది ప్రమాదకరం కావచ్చు, మా క్లీనర్ డౌన్‌లోడ్ చేసుకోండి" అనే పేజీలూ అంతే. భయపెట్టి అమ్ముకునే బాపతు. భయం చేసే నష్టం తక్కువేమీ కాదు. 2002లో టెడ్డీ బేర్ బొమ్మ ఐకాన్ ఉన్న ఒక విండోస్ ఫైలును వైరస్ అని మెయిళ్లు తిరిగితే, ఎంతోమంది మంచి ఫైలునే చేతులారా తీసేసుకున్నారు.

డిజిటల్ సంతకం, అంటే ఫైలు ఏ కంపెనీదో చెప్పే ముద్ర, ఉందా అని చూడమని కూడా చెబుతుంటారు. చూడండి, కానీ దాన్నే నమ్ముకోకండి. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ లేదని నోట్‌ప్యాడ్‌ను అనుమానించక్కర్లేదు. విండోస్ ఫైళ్లలో చాలావాటి సంతకం విడిగా ఒక క్యాటలాగ్‌లో ఉంటుంది. సంతకం ఉన్నంత మాత్రాన మంచిదీ కాదు. 2017లో కంప్యూటర్‌లో చెత్త శుభ్రం చేసే సీక్లీనర్ అనే ప్రోగ్రాం 5.33 వెర్షన్ అధికారిక సైటు నుంచే, సరైన సంతకంతోనే, లోపల మాల్‌వేర్‌తో వచ్చింది. దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు చేరింది. అలాంటిది వస్తే మీరూ నేనూ పట్టుకోలేం, అప్‌డేట్లు వేసుకుంటూ ఉండటమే.

కొంచెం ఓపిక ఉన్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్లదే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఏ ప్రోగ్రాంను ఏది మొదలుపెట్టిందో చెట్టులా చూపిస్తుంది. అసలైన ఎస్‌వీసీహోస్ట్ సర్వీసెస్ అనే ప్రోగ్రాం కింద కనిపించాలి. మామూలు టాస్క్ మేనేజర్‌లో అయితే డీటెయిల్స్ ట్యాబ్‌లో కమాండ్ లైన్ అనే కాలమ్ పెట్టుకోండి. సిస్టమ్32 దారి, దాని పక్కన చిన్న గీత, కే అక్షరం కనిపిస్తే సాధారణంగా అది విండోస్‌దే.

బాబాయి సిస్టమ్‌లో ఆ ఒక్క ఫైలు తీసేసి ఊరుకోలేదు. డ్రైవ్ మొత్తం వదిలేసిన చోట ఇంకేం దూరిందో ఎవరికి తెలుసు? బిల్లుల ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని, డిస్క్ తుడిచేసి, లైసెన్స్ కొని విండోస్ కొత్తగా వేశాం. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆయన ఫోన్ నుంచి మార్పించాను. "ఇంత డబ్బు విండోస్‌కా?" అని గొణిగాడు గానీ కట్టాడు.

కౌంటర్ మీద ఇప్పుడు నడిచేది అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ అకౌంట్, అడ్మిన్ పాస్‌వర్డ్ బాబాయి దగ్గరే ఉంటుంది. స్టాండర్డ్ అకౌంట్‌లో ఉన్నా యాప్‌డేటాలోకి దూరేవి దూరతాయి, నిజమే. కానీ ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో చేయి పెట్టాలంటే మాత్రం ఆ పాస్‌వర్డ్ కావాల్సిందే. ప్రింట్‌కు వచ్చిన పిల్లలను కూడా ఆ కంప్యూటర్‌లో తమ జీమెయిల్ తెరవనివ్వడు. "షాపు మెయిల్‌కు పంపండమ్మా, ప్రింట్ తీసి మీ ఎదురుగానే డిలీట్ చేస్తా" అంటాడు. మీరు కూడా బయట ప్రింట్ తీయించుకునేటప్పుడు అలా పంపే వీలుందేమో అడగండి. ఆ షాపు కంప్యూటర్‌లో ఏం నడుస్తోందో టాస్క్ మేనేజర్ తెరిచి చూసే అవకాశం మీకెలాగూ ఉండదు.